తాళంకప్ప కథ చెప్పినందుకు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి సంగతి అందరికీ తెలిసిందే. తడుముకుని ఊరుకోకుండా, ఆ మాట అన్న మనిషి ఉద్యోగమే ఊడబెరికినవాణ్ణి నేను కళ్ళారా చూశాను. ఇరవై ఏడేళ్ళు పనిచేసిన మనిషిని, ఇంకో మూడేళ్ళయితే నిండు పింఛనుతో ఇంటికి వెళ్ళవలసిన మనిషిని, ఒక తాళంకప్ప కథ చెప్పిందని బయటికి పంపించారు. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. ఏడాది దాటినా చల్లారలేదు. ఇంక చల్లారేట్టు కూడా లేదు కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

ఆమెని మేమందరం చదువులక్క అనేవాళ్ళం. మాది ప్రభుత్వ ముద్రణాలయంలో బైండింగ్ సెక్షన్. కింద అచ్చుయంత్రాలు, పై అంతస్తులో మేము. పొడుగాటి గది, ఆరు బల్లలు, నలభైమంది ఆడవాళ్ళం. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని ఫారం అంటాం. ఒక్కో ఫారంలో పదహారు పేజీలు ఉంటాయి. దాన్ని మూడు మడతలు వేసి, మడత మీద నున్నటి చెక్కబద్దతో గీసి దొంతర పెడితే, పక్క బల్లవాళ్ళు దారంతో కుడతారు. చివరి బల్ల దగ్గర నేను జిగురు రాసి అట్ట అతికిస్తాను. యంత్రాల మోత కిందే ఉండిపోతుంది. మా గదిలో వినపడేది కాగితాల గలగల ఒక్కటే.

అక్క ఇద్దరు పిల్లలు పుట్టాక పనిలో చేరింది. ఎనిమిదో తరగతిదాకా చదువుకుంది. మడతల పనిలో ఆమె అంత చేతకానిది ఇంకొకరు లేరని ఆమే చెప్పేది. మడవని ఫారంలో పేజీలు వరసగా ఉండవు. ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది, కొన్ని తలకిందులుగా ఉంటాయి. ఈవిడ కాగితాన్ని గుండ్రంగా తిప్పుకుంటూ, మెడ వంచుకుంటూ, కథ ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ కూర్చునేది. పక్కవాళ్ళు వంద ఫారాలు మడిచేసరికి ఈవిడవి ముప్ఫై కూడా అయ్యేవి కావు.

అప్పటి మేస్త్రి ముసలాయన, నోరు పెద్దది, మనసు మంచిది. "ఏమ్మా, కాగితం మడవమంటే మెడ మడుస్తున్నావేంటి? ఈ పుస్తకాలు నీకోసం అచ్చు వేస్తున్నారనుకున్నావా?" అన్నాడట.

"మరి ఎవరికోసం మేస్త్రీ?" అందట ఈవిడ.

ఆయన రెండురోజులు ఆలోచించి, "నువ్వు ఎలాగూ మడవవు. ఆ చదివేదేదో పైకి చదివి ఏడువు, వీళ్ళకి కునుకైనా రాకుండా ఉంటుంది" అన్నాడు. అలా మొదలైంది. రోజుకి రెండు గంటలు అక్క గది మధ్య స్టూలు మీద కూర్చుని చదివేది. పొద్దున పేపరు, మధ్యాహ్నం ఏ పుస్తకం పనిలో ఉంటే ఆ పుస్తకం. ఆమె వంతు ఫారాలు మిగతా బల్లలవాళ్ళు తలా కాసిని మడిచేసేవాళ్ళు. పని ఒక్కరోజు తగ్గలేదు. ఇరవై ఏళ్ళకి పైగా అదే మా పద్ధతి.

మేస్త్రి పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. మాలో నలుగురైదుగురికి తప్ప ఎవరికీ చదువు రాదు. అందుకని వేలిముద్ర కావాలని ఎవరు ఏ కాగితం తెచ్చినా, ముందు దాన్ని గది మధ్యలో మొదటినుంచి చివరిదాకా పైకి చదవాలి. "వినని కాగితం మీద వేలు పెట్టొద్దర్రా, ఆ పైవాడు తెచ్చినా సరే" అనేవాడు. ఆయన రిటైరై పోయినా ఆ మాట పోలేదు.

నేను చేరినప్పుడు నాకూ వేలిముద్రే. జిగురు అంటి పాడైపోయిన ఫారాలు తెచ్చి, అన్నం తినే వేళ పక్కన కూర్చోబెట్టుకుని, అక్క నాకు అక్షరాలు నేర్పింది. ఏడాది తిరిగేసరికి సంతకం చేశాను. రెండేళ్ళకి పేపరు చదివాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె పెట్టిన భిక్షే.

ఆమె భర్తని నేను బావా అంటాను. ఆయనది వీధి చివర మంగలి షాపు. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం. "ఊళ్ళో అందరి తలలూ నా చెయ్యి ఎటు తిప్పితే అటు తిరుగుతాయి, మీ అక్క తల తప్ప" అని నవ్వేవాడు.

ఇలా ఉండగా మాకు కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. పెద్దసారు అనాలి, అలా అనకపోతే కోపం. వచ్చిన వారంలోపే వరండా చివర మా మరుగుదొడ్డికి తాళం వేయించాడు. పని ఎగ్గొట్టి అక్కడ కబుర్లు చెప్పుకుంటున్నామట. తాళంచెవి ఆయన బల్ల మీద ఉంటుంది. కావలసినవాళ్ళు ఒక్కొక్కరే ఆయన గదికి వెళ్ళి, నిలబడి, ఎందుకో చెప్పి అడగాలి. ఆయన ఫోనులో ఉంటే ఆగమని చెయ్యి చూపిస్తాడు. మనసైతే ఇస్తాడు, లేకపోతే గడియారం చూసి "ఇందాకేగా వెళ్ళావు" అంటాడు. బయటికి వెళ్తే చెవి ఆయన జేబులో ఊరంతా తిరిగొస్తుంది. తల్లి వయసు ఆడవాళ్ళు, ఒక మగాడి బల్ల ముందు నిలబడి ఎందుకో చెప్పాలి. రాస్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

మేము నీళ్ళు తాగడం మానేశాం. ముగ్గురికి మూత్రంలో మంట పట్టుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగారు. పై ఆఫీసుకి అర్జీ పెడితే, అది "తగు చర్య నిమిత్తం" అని రాసి తిరిగి ఈయనకే వచ్చింది. కంచే చేను మేస్తోందని చెప్పుకుంటే, విచారించమని కంచెకే పంపించారన్నమాట.

కుట్టు బల్ల దగ్గర మేమందరం పెద్దమ్మ అనే ఆవిడ ఉంది. అందరికంటే పెద్దది, షుగరు మనిషి. ఒక మధ్యాహ్నం మూడోసారి చెవి అడగడానికి వెళ్ళింది. పెద్దసారు తల కూడా ఎత్తకుండా, "నీకోసం ఒక మనిషిని పెట్టమంటావా? వెళ్ళి పని చేసుకో" అన్నాడు. ఆవిడ తిరిగొచ్చి కూర్చుని సూది అందుకుంది. కాసేపటికి ఆ కూర్చున్నచోటే బట్టలు తడిసిపోయాయి. మేము లేచి చుట్టూ అడ్డంగా నిలబడ్డాం. ఆవిడ తల ఎత్తలేదు, ఏడవలేదు, కుట్టడం ఆపలేదు. ఆ ఫారం పూర్తయ్యేదాకా కుట్టి, తర్వాత ఒకావిడ ఇచ్చిన దుప్పటి చుట్టుకుని ఇంటికి వెళ్ళింది.

మర్నాడు అక్క స్టూలు మీద కూర్చుని, చేతిలో ఉన్న భూగోళం పుస్తకం మూసేసింది. "ఇవాళ పుస్తకం వద్దు. నేనే ఒకటి చెప్తాను" అంది.

ఒక ఇల్లు ఉందట. ఇంటినిండా మనుషులు. దొంగల భయం ఉందని ఒక తాళంకప్ప కొనుక్కొచ్చి గుమ్మానికి తగిలించారు. అందరికీ ముచ్చటేసింది. రోజూ తుడిచి, నూనె వేసి, పిల్లలకి కూడా చూపించారు. కొన్నాళ్ళకి తాళం, "లోపలికి ఎందుకు వెళ్తున్నారో చెప్పండి, తెరుస్తాను" అంది. మా ఇంట్లోకి మేము వెళ్ళడానికి కారణం చెప్పాలా అన్నారు వాళ్ళు. "దొంగ కూడా ఇది మా ఇల్లే అంటాడు" అంది తాళం. నిజమే కదా అనుకున్నారు. మొదటిరోజు అక్కడికి ఆపింది.

రెండోరోజు, తాళం నీళ్ళకుండ మీదికి వెళ్ళింది. మూడోరోజు మంచం మీదికి, బియ్యం పెట్టె మీదికి వెళ్ళింది. అన్నిచోట్లా తానొక్కతే ఉండలేక తమ్ముళ్ళని, బావమరుదుల్ని పిలిపించుకుంది. ఇంట్లో ఏ గదికి తాళం పడినా పక్క గదివాళ్ళు, "మన గది తెరిచే ఉందిగా, మనకెందుకులే" అనుకునేవాళ్ళు. నాలుగోరోజు తాళం తన చెవిని తానే మింగేసింది. ఆ ఇంటి ముసలమ్మ నీళ్ళకుండ పక్కనే దాహంతో పడిపోతే, "ఆవిడ పద్ధతిగా అడగలేదు" అంది.

"సుత్తి తెచ్చి పగలగొట్టొచ్చుగా అక్కా" అన్నాను నేను.

"సుత్తి ఎక్కడుందే?"

"ఇంట్లోనే ఎక్కడో ఉండి ఉంటుంది."

"ఇల్లు ఎవరి చేతిలో ఉంది మరి?"

గదంతా నవ్వింది. ఆ నాలుగురోజులూ మేము ఎంత నవ్వుకున్నామో చెప్పలేను. తాళం ఎవరో మాకు చప్పున తట్టింది. ఆ ఇంటివాళ్ళు ఎవరో మాత్రం ఒక్కరికీ తట్టలేదు. మమ్మల్ని నవ్వించడానికే చెప్తోందనుకున్నాం. ఆమె జాగ్రత్త చెప్తోందని నాకు తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

నలభైమంది విన్న కథ నలభై ఇళ్ళకి వెళ్ళదా? కింద అచ్చు సెక్షనువాళ్ళు కూడా అన్నం వేళ మెట్లెక్కి వచ్చి వినడం మొదలుపెట్టారు. మెట్ల గోడ మీద ఎవడో బొగ్గుతో పెద్ద తాళంకప్ప బొమ్మ గీశాడు. పెద్దసారు అటు వెళ్తూ ఆ బొమ్మ దగ్గర ఆగాడు. ఎవరి బొమ్మ అని అడిగాడట. ఏమి బొమ్మ అని అడగలేదు.

అయిదోరోజు కథ మొదలుకాకముందే అక్కని పిలిపించాడు. అట్టల నమూనాలు చూపించడానికి నేను అప్పటికే ఆ గదిలో ఉన్నాను.

"నీ కథలో తాళం ఎవరు?" అన్నాడు.

"తాళమే సార్."

"తాళం ఎక్కడైనా మాట్లాడుతుందా?"

"మూడో తరగతి పుస్తకంలో నక్క మాట్లాడుతుంది సార్. మనమే అచ్చు వేశాం."

"తెలివితేటలు నా దగ్గర కాదు. అది ఎవరి గురించి చెప్పావు?"

"మీకు ఎవరైనా గుర్తొస్తున్నారా సార్?"

ఆయన మొహం కందగడ్డ అయింది. మరుగుదొడ్డి తాళంచెవి ఇద్దరి మధ్యా బల్ల మీదే ఉంది. దాన్ని తీసి సొరుగులో వేసుకుని, నన్ను బయటికి పొమ్మన్నాడు.

సాయంత్రానికి మెమో వచ్చింది. "పై అధికారిని తాళంకప్పగా చిత్రించి, పనివేళల్లో ప్రచారం చేసినందుకు" అని ఉంది. అక్క ఒక్కసారి కూడా అనని మాటని ఈ మహానుభావుడు తన సంతకంతో రాసుకున్నాడు. ఇకమీదట ఏదీ చదవను, ఏదీ చెప్పను అని క్షమాపణ రాసిస్తే వదిలేస్తారట. లేకపోతే ఉద్యోగం, పింఛను రెండూ పోతాయి. వారం గడువు ఇచ్చారు.

మేమందరం రాసి ఇచ్చెయ్యమన్నాం. బావ మాత్రం, "నీకు తోచినట్టు చెయ్యి. జనానికి గడ్డాలు పెరగడం ఆగిపోదు, మనకి గంజి దొరుకుతుంది" అన్నాడట. అక్క మెమో వెనకే జవాబు రాసింది. "ముందు సూపరింటెండెంటు గారు కుట్టు సెక్షను పెద్దమ్మకి క్షమాపణ రాయాలి. దాని కిందే నాది రాస్తాను." అంతే, ఇంకో ముక్క లేదు.

ఇంక వాళ్ళకి సాక్ష్యాలు కావలసివచ్చాయి. ఆఫీసు గుమాస్తా ఒక కాగితాల కట్ట, ఇంకు పెట్టె పట్టుకుని మా గదికి వచ్చాడు. పాపం భయస్తుడు. "అందరూ వేలిముద్రలు వెయ్యండమ్మా, పెద్దసారు రమ్మంటున్నారు, తొందరగా" అన్నాడు.

"చదువు బాబూ" అంది పెద్దమ్మ, సూది దించకుండానే.

"ఏముందమ్మా, మామూలు కాగితమే."

"మామూలుదైతే చదవడానికేం? ఇక్కడ వినకుండా వేలు పెట్టం."

గుమాస్తా స్టూలు పక్కన నిలబడి చదివాడు. ఆ కథ విని మేము తీవ్రంగా బాధపడ్డామనీ, అధికారిని అవమానించడానికే చెప్పిందని మేమే ఒప్పుకుంటున్నామనీ ఉంది. విచారణ అన్నాక నేరం పూర్తిగా రాయాలి కదా, అందుకని కథంతా జతచేశారు. "సదరు తాళంకప్ప తదుపరి నీటికుండను సైతం తన ఆధీనంలోకి తీసుకొనియున్నది" అని ఆయన చదువుతుంటే వెనక బల్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలమ్మ పడిపోయిన చోటికి వచ్చేసరికి ఆయన ఒకసారి పెద్దమ్మ వైపు చూసి, మిగతాది మెల్లగా చదివాడు. కాగితం అయిపోయాక, "ఆ తర్వాత ఏమైంది?" అని ఎవరో అడిగేశారు.

"ఇంతవరకే ఉందమ్మా" అన్నాడు.

అప్పుడు పెద్దసారు లోపలికి వచ్చాడు. "సంతకం వచ్చినవాళ్ళు ముందు రండి" అన్నాడు. అక్క కాక ఆ గదిలో సంతకం చెయ్యగలిగినవాళ్ళం నలుగురమే. జిగురు బల్ల గుమ్మానికి దగ్గర. ఆయన నా పక్కకి వచ్చి, మెల్లగా, "నీది కాంట్రాక్టు కదూ? ప్రతి నెలాఖరుకీ పొడిగింపుకి నా దగ్గరికే రావాలి" అన్నాడు.

నేను సంతకం చేశాను.

ఇంత కోపంగా రాస్తున్నానే, ఆ కాగితం మీద మొదటి పేరు నాది. వేలిముద్ర వేసినవాళ్ళకి చదువు రాదని ఎవరైనా అనొచ్చు. నాకు వచ్చు. విని, అర్థం చేసుకుని, చెయ్యి కడుక్కుని మరీ వచ్చి రాశాను. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. నా మొహం చూడలేదు. నేను రాస్తున్న అక్షరాల వైపు చూసింది. నా తర్వాత అందరూ లేచి వరసకట్టారు. నేను కూర్చుని ఉంటే ఎంతమంది లేచేవాళ్ళో దేవుడికి తెలియాలి.

చివరికి పెద్దమ్మ వంతు వచ్చింది. "విన్నాను సార్. అందులో తప్పు మాట నాకు ఒక్కటీ వినపడలేదు. నేను వెయ్యను" అంది. ఆయన ఎంత అరిచినా ఇంకో మాట మాట్లాడలేదు. నలభైమందిలో అక్క పోగా ముప్ఫై తొమ్మిది. పెద్దమ్మ పోగా ముప్ఫై ఎనిమిది. అవి చాలాయి వాళ్ళకి. రెండువారాల్లో అక్క ఉద్యోగం తీసేశారు.

నెలరోజులు ఆ గదిలో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు. ఒక ఆదివారం ధైర్యం చేసి షాపుకి వెళ్ళాను. బావ ఒకాయనకి గడ్డం గీస్తున్నాడు. అక్క కిటికీ పక్కన కూర్చుని, కుర్చీల్లో ఉన్నవాళ్ళకి పేపరు చదివి వినిపిస్తోంది. నేను రావడం గమనించి, పేపరు మీంచి తల ఎత్తకుండానే బల్ల మీద చోటు చూపించింది.

"నన్ను తిట్టు అక్కా" అన్నాను.

"తిడితే నీకు తేలికైపోతుంది. నేనెందుకు తేలిక చెయ్యాలి?"

"ఇద్దరు పిల్లలు అక్కా. ఆయన కాంట్రాక్టు మాట ఎత్తేసరికి వాళ్ళే గుర్తొచ్చారు."

"ఆ కథలో ఇంటివాళ్ళకీ పిల్లలున్నారే. వాళ్ళలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. అందుకేగా తాళానికి అంత సులువైంది." పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు కోపం లేదని మాత్రం అనను. చాలా కోపంగా ఉంది. నువ్వు మొదట వెళ్ళావు చూడు, అది నాకు ఇంకా మంటగానే ఉంది."

ఇంటికి వచ్చి నేను ఒక కాగితం రాశాను. నా సంతకం బెదిరించి చేయించుకున్నారనీ, ఆ కథలో ఎవరి పేరూ లేదనీ, మరుగుదొడ్డికి తాళం ఉన్నమాట నిజమనీ, అక్కని తిరిగి తీసుకోవాలనీ రాశాను. సోమవారం అన్నం వేళ గది మధ్యలో నిలబడి మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. పెద్దమ్మ వచ్చి, ఆఫీసులోంచి అడిగి తెచ్చిన ఇంకు పెట్టె నా పక్కన పెట్టి, మొదటి వేలు తనే వేసింది. తర్వాత పదిమంది వచ్చారు. మిగతావాళ్ళు తలలు వంచుకున్నారు. వాళ్ళని ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. ఆ కాగితాన్ని పెద్దసారు చేతికి ఇవ్వకుండా పై ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపాం.

రెండు నెలలకి జవాబు వచ్చింది. ఆలోపు నెలాఖరు వచ్చి నా కాంట్రాక్టు ఆగిపోయింది. తాళంచెవి ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉందని పెద్దమ్మ చెప్పింది. జవాబు పట్టుకుని నేను తిన్నగా షాపుకి వెళ్ళాను. అక్క చేతికి ఇస్తే, "నువ్వే చదువు, అందరూ వింటారు" అంది. నిలబడి చదివాను.

"వినతిపత్రంపై గల పదకొండు వేలిముద్రలు నిరక్షరాస్యులవి అయినందున, విషయమును గ్రహించి వేసినవిగా భావించుటకు వీలులేదు. సంతకము చేసిన ఏకైక వ్యక్తి తన పూర్వపు వాంగ్మూలమునకు విరుద్ధముగా మాట్లాడుచున్నందున ఆమె నమ్మదగిన వ్యక్తి కాదు. కావున తిరస్కరించడమైనది."

ఆ పదకొండులో పది వేళ్ళు అక్క ఉద్యోగం తీసిన కాగితం మీద ఉన్నవే. అప్పుడు వాటికి అంతా తెలుసు. అవే వేళ్ళు, అదే గది, అదే ఇంకు. బావ చేతిలో కత్తి ఒకాయన నురగ చెంప మీద సగంలో ఆగిపోయింది. ఆ కుర్చీలో ఆయన ఎవరో ఏమో, "సిగ్గుండాలి" అన్నాడు అద్దంలోకి చూస్తూ.

అక్క కాగితం తీసుకుని తానొకసారి చదువుకుంది. మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి చదివింది. తర్వాత నా వైపు చూసింది, ఆ సంతకం రోజు తర్వాత మొదటిసారి నా మొహంలోకి.

"నా కథలో తాళానికి ఇంత బరితెగింపు పెట్టలేదే" అంది. "పెడితే మీరు నమ్మరనుకున్నాను."